చేపు

ఉదయం ఐదున్నరకి
ఊలాన్‌బాతర్‌లో చీకటి ఇంకా గడ్డకట్టే ఉంటుంది.
అనుంగూ నోట్లోంచి రొమ్ము విడిపించడానికి
చిటికెన వేలు పెదవి చివర దూర్చాలి.
టప్‌మని చిన్న చప్పుడు.
నా డ్యూటీ మొదలయ్యేది ఆ చప్పుడుతోనే.

నాలుగో నంబరు ట్రాలీబస్సు నాది.
తల మీద రెండు కొమ్ములు, పైన కరెంటు తీగ.
మలుపులో కొమ్ము జారితే
దిగి, తాడు లాగి, మళ్ళీ తీగకి అందించాలి.
పసినోటికి రొమ్ము అందించినట్టే,
ఒక్కోసారి మొదటిసారికే పట్టదు.

పదిన్నరకి చివరి స్టాపులో పదకొండు నిమిషాలు.
టికెట్ల గది. తలుపుకి గడియ లేదు.
వీపు తలుపుకి ఆనించి, కోటు గుండీలు విప్పి
చేతి పంపు నొక్కుతుంటాను.
నాలుగు నిమిషాలు వట్టి గాలి.
గోడ అవతల పేకాడుతున్న డ్రైవర్లు
"దులమ్‌సురేన్ మళ్ళీ చార్జింగుకి వెళ్ళింది" అంటారు.
నాకూ నవ్వొస్తుంది.
నవ్వితే మాత్రం పాలు రావు.
రొమ్ముకి పంపు తెలీదు,
గడియారం అంతకన్నా తెలీదు.

అప్పుడు గుర్తొచ్చింది అమ్మమ్మ,
పిల్లని దగ్గరికి రానివ్వని గొర్రె ముందు
మంచులో మోకాళ్ళ మీద కూర్చుని
తోయిగ్, తోయిగ్ అంటూ.
పాట కాదది. అర్థమూ లేదు.
గొర్రెకి విసుగు పుట్టేదాకా,
విసుగు దాటి మెత్తబడేదాకా అదే మాట.
చివరికి గొర్రె మెడ తిప్పి
పిల్ల తోక వాసన చూసి
చేపుకొచ్చేది.

తలుపుకి ఆనుకుని, ఎవరికీ వినబడకుండా
నన్ను నేనే గొర్రెని చేసుకున్నాను.
తోయిగ్.
ఛాతీలో చీమలు పాకినట్టు చురుక్కుమంది.
సీసా అడుగు తెల్లబడింది.

సీసాని ఉన్ని మేజోడులో దూర్చి
కిటికీ బయట మేకుకి తగిలిస్తాను.
అక్కడ సున్నాకి దిగువన ఇరవై ఎనిమిది,
ఎవరి దయా అక్కర్లేని ఫ్రిజ్.
సాయంత్రానికి రాయి.
పక్కింటి త్సెంద్ ముసలమ్మ మర్నాడు ఆ రాయిని
గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి పడుతుంది.
"డబ్బా పాలు పడితే ఏం పోయింది,
నీ ఎముకలు అరిగిపోతున్నాయి" అని
రోజూ అంటుంది.
రోజూ కరిగిస్తుంది.

నిన్న బజారు దగ్గర ఒకావిడ ఎక్కింది, ఒళ్ళో పిల్లాడు.
సిగ్నల్ దగ్గర వాడు ఏడుపు లంకించుకున్నాడు.
నా బిడ్డ కాదు, గొంతు కూడా కలవదు.
అయినా నీలం యూనిఫారం మీద
నాణేలంత తడి, చూస్తుండగానే అరచేతులంత.
ఎవరి బిడ్డ అని విచారించే అలవాటు
వీటికి లేదు.
పచ్చ లైటు పడింది. వెనక హారన్లు.
మోచేతులతో ఛాతీ అదుముకుని రెండు స్టాపులు నడిపాను.
ఆవిడ దిగబోతూ అద్దంలో నన్ను చూసి
తన మఫ్లరు కొస పట్టుకుని
గొంతు మీంచి కిందికి జార్చి చూపించింది.
నాదీ అలాగే జార్చుకున్నాను.

డిపోలో బట్సుఖ్
రిజిస్టరు మీంచి తల ఎత్తకుండా
"ఎన్నాళ్ళమ్మా ఇలా?" అన్నాడు.
"రెండు పళ్ళొచ్చాయి, కరుస్తోంది కూడా" అన్నాను.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఇవాళ చూస్తే టికెట్ల గదికి గడియ ఉంది.
లోపలి వైపు. మేకులు ఇంకా మెరుస్తున్నాయి.
ఎవరు వేశారంటే
పేకముక్కల్లోంచి ఒక్క తలా లేవలేదు.
గడియ వేసుకున్నా కూడా
ఇరవై మిల్లీలీటర్లే వచ్చాయి.

రాత్రి తొమ్మిదింటికి
అనుంగూ కడుపునిండా తాగి నిద్రపోతోంది.
నావి రాళ్ళు.
లేపొద్దంటుంది త్సెంద్, చెప్పులు వెతుక్కుంటూ.
వేళ్ళు వెచ్చబడేదాకా రుద్దుకుని
పక్కన పడుకుంటాను,
ఒంటి నిండా ఇనుము వాసన, కాలిన తీగ వాసన.
కళ్ళు తెరవకుండానే ముక్కుతో వెతుక్కుంటుంది.
పట్టదు.
మళ్ళీ అందిస్తాను.
తోయిగ్.

అలారం పెట్టానో లేదో
చూడ్డానికి చెయ్యి ఖాళీ లేదు.